ఉచితం సరే, మోసేదెవరు?

మా ఇంట్లో ఉన్న సామాన్లలో సగానికి పైగా ఒకప్పుడు వేరేవాళ్ల ఇళ్లలో ఉన్నవే. బీరువా, రాసుకునే బల్ల, కూలర్, పుస్తకాల అర, చివరికి దోసెపిండి రుబ్బే గ్రైండర్ కూడా. ఏదీ కొన్నది కాదు. మాకు కారు లేదు, స్కూటర్ కూడా లేదు. "ఇవన్నీ ఎట్ల తెచ్చుకున్నరు?" అని ఎవరైనా అడిగితే మొదట్లో గర్వంగా చెప్పేదాన్ని, ఇస్తామన్నారు, తెచ్చుకున్నాం, పైసా ఖర్చు కాలేదు అని. ఆ చివరి మాట అబద్ధం. ఖర్చయింది. ఎక్కువసార్లు ఆ ఖర్చు నా మీద పడలేదు, అంతే. నేను మోయాల్సింది ఎవరెవరో మోశారు. అది అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. నాలాగే బండి లేకుండా ఇల్లు సర్దుకునేవాళ్లకు అక్కరకొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మావారిది ప్రింటింగ్ ప్రెస్‌లో ఉద్యోగం. నర్సంపేట నుంచి హనుమకొండకు వచ్చినప్పుడు కుమార్‌పల్లిలో మేడమీద రెండు గదుల పోర్షన్ తీసుకున్నాం. అడ్వాన్సు, మొదటి నెల కిరాయి కట్టేసరికి చేతిలో ఉన్నది అయిపోయింది. వెంట తెచ్చుకున్నది గ్యాస్ పొయ్యి, వంటగిన్నెలు, బొంతలు, బట్టల పెట్టెలు. మిగతా ఇల్లంతా ఈ ఊరు ఇచ్చిందే.

ఇచ్చే గుణం ఈ ఊరికి ఉండటానికి కారణముంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరం చదువుల మీద బతుకుతుంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఇవాళ్టి నిట్. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడాదిదే. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. వీటి చుట్టూ ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అద్దెగదులు పుట్టుకొచ్చాయి. ఏటా ఎండాకాలంలో పిల్లలు గదులు ఖాళీ చేస్తారు. బల్లలు, కుర్చీలు, పరుపులు, బకెట్లు, టేబుల్ ఫ్యాన్లు వదిలేసి రైలెక్కుతారు. జూన్‌లో కొత్తవాళ్లు వచ్చి అవే వస్తువులు కొనుక్కుంటారు. ఇక ప్రభుత్వోద్యోగుల బదిలీలు ఉండనే ఉన్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడితే, ఇక్కడి ఇల్లు తాళం వేసి వాళ్ల దగ్గరికి వెళ్లిపోయే పెద్దవాళ్లు ఉన్నారు. పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టించే చోట పాత చెక్క సామాను పట్టే జాగా ఉండదు. "ఎవరికన్నా పనికొస్తే తీస్కపోండ్రి" అనే మాట మే నెలలో ఇక్కడ ప్రతి గల్లీలో వినబడుతుంది.

ఆ మాట వినబడగానే నేను "మాకు కావాలి" అనేదాన్ని. చూడకుండా, కొలవకుండా, ఎట్లా తేవాలో ఆలోచించకుండా. నా తప్పులన్నిటికీ మొదలు అక్కడే.

బీరువాతో మొదటి దెబ్బ తగిలింది. సుబేదారిలో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇల్లు ఖాళీ చేస్తూ ఇనుప బీరువా ఇస్తానన్నారు. అప్పట్లో చేయించిన గట్టి సరుకు, ఆరడుగులు దాటిన ఎత్తు. ట్రాలీ ఆటో మాట్లాడి ఇంటిదాకా తెచ్చాం. మా మెట్లు ఇంటి బయటనుంచి ఎక్కి, సగంలో మలుపు తిరుగుతాయి. ఆ మలుపులో బీరువా తిరగలేదు. నిలబెడితే పైన సజ్జ తగిలింది, పడుకోబెడితే పిట్టగోడ అడ్డొచ్చింది. ట్రాలీ అతనికి వేరే కిరాయి ఉంది, వెళ్లిపోయాడు. బీరువా కింది వరండాలో ఉండిపోయింది. కింది పోర్షన్‌లో చేతికర్రతో నడిచే ఒక పెద్దాయన ఉండేవారు. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా గోడకు ఒదిగి, ఒక చేత్తో బీరువాను పట్టుకుని దాటాల్సి వచ్చేది. ఒక్కసారి కూడా ఆయన నన్ను ఏమీ అనలేదు. అననందుకే నాకు తొందర కలగలేదని ఇప్పుడు తెలుస్తోంది. చివరికి హమాలీలు వచ్చి తాళ్లు కట్టి పిట్టగోడ మీదుగా పైకి లాగారు. వాళ్ల కూలి, ట్రాలీ కిరాయి కలిపి చూస్తే, పాత సామాను దుకాణంలో కొని ఇంటికి చేర్పించుకున్నా అంతకన్నా తక్కువే అయ్యేది.

అప్పటినుంచి నా సంచిలో టేపు ఉంటుంది. వస్తువు ఎత్తు, వెడల్పు, లోతు కొలుస్తాను. దానికన్నా ముందు మా ఇంటి కొలతలు రాసి పెట్టుకున్నాను. గేటు వెడల్పు, తలుపు వెడల్పు, మెట్ల వెడల్పు, మలుపు దగ్గర ఉన్న జాగా, మెట్ల మీద తల ఎత్తు. మనిషి నడిచే దారి వేరు, వస్తువు తిరిగే దారి వేరు. పొడవాటి వస్తువు మలుపు తిరగాలంటే దాని ఐమూల కొలత పట్టే చోటు కావాలి. విడదీయగలిగిన వస్తువైతే సగం బాధ తీరినట్టే. మంచం పట్టెలు, కోళ్లు విడిపోతాయా? బల్ల కాళ్లు బోల్టులతో ఉన్నాయా, మేకులతో ఉన్నాయా? విడదీసిన బోల్టులన్నీ ఒక చిన్న డబ్బాలో వేసి ఆ వస్తువుకే కట్టేయాలి. ఈ పని చేయని రోజు మంచం ఇల్లు చేరింది, బోల్టులు చేరలేదు.

రెండో తప్పు బస్సులో చేశాను. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. నాలాంటి జీతగాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట. కాలేజీకి పోయే ఛార్జీలు మిగిలాయి. ఆ ఉత్సాహంలో బస్సే నా బండి అనుకున్నాను. కాజీపేటలో గది ఖాళీ చేస్తున్న విద్యార్థులు ఇచ్చిన టేబుల్ ఫ్యాను, బకెట్ల నిండా గిన్నెలు, చుట్టిన పరుపు, మడత కుర్చీ ఒకేసారి ఎక్కించాను. సాయంత్రం కాలేజీలు వదిలే వేళ. పరుపు దారికి అడ్డంగా పడింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె దాన్ని దాటలేక నిలబడిపోయి, దిగాల్సిన స్టాపులో దిగలేకపోయింది. కండక్టర్ అరవలేదు, పరుపును ఒక చేత్తో ఎత్తి పట్టుకుని జనాన్ని దింపింది. నా దగ్గర టికెట్ ఉంది. ఒక మనిషికి ఇచ్చిన టికెట్ అది. నేను ముగ్గురి జాగా తీసుకున్నాను.

ఇప్పుడు బస్సులో తెచ్చేదానికి నాకు నేను పెట్టుకున్న హద్దు ఒకటే. ఒడిలో పట్టాలి, లేదా సీటు కిందికి పోవాలి. మిక్సీ, చిన్న స్టూలు, ప్లాస్టిక్ డబ్బాలు, పుస్తకాలు, కర్టెన్లు, స్టీలు గిన్నెలు. అది కూడా మధ్యాహ్నం పూట, బస్సులు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు. గాజు సామాను అయితే పాత చీరలో చుట్టి, బకెట్లో నిలబెట్టి తేవాలి. బస్సు దిగిన తర్వాత నడవాల్సిన దూరం ముందే లెక్కలో ఉండాలి. స్టాపులో దిగాక మొదలయ్యే నడకే అసలు కష్టం. రెండు చేతులా సమానంగా బరువు పంచుకుంటే అర కిలోమీటరు నడవగలం. ఒక చేతికే వేసుకుంటే వీధి చివరికే భుజం లాగేస్తుంది.

ఏ వస్తువు దేని మీద రావాలో తెలియడం బండి లేనివాళ్లకు పెద్ద చదువు. ప్యాసింజర్ ఆటోలో వెనక సీటు మీద టీవీ, కూలర్ మోటరు, చిన్న బల్ల వస్తాయి. కూలర్ మొత్తం రావాలంటే కష్టం. మంచం పట్టెలు ఆటోలోంచి బయటికి పొడుచుకొస్తే వెనక వచ్చే బైకువాళ్ల కళ్లకు ప్రమాదం. అలా తేకూడదు. తోపుడు బండి దగ్గరి దూరాలకు మంచిది, కానీ మన ఊళ్లో ఎత్తుపల్లాలున్న రోడ్ల మీద మనిషిని తొయ్యమనడం అన్యాయం. బీరువా, మంచం, సోఫా, ఫ్రిజ్ లాంటివాటికి ట్రాలీ ఆటోనో, టాటా ఏస్ లాంటి చిన్న వ్యానో ఉండాల్సిందే. అక్కడ మిగుల్చుకుందామని చూస్తే ఆ భారం ఎవరి నడుము మీదో పడుతుంది.

ఎవరి నడుము మీదో అని ఊరికే అనలేదు. మా కాలేజీ సహోద్యోగి ఇచ్చిన దివాన్‌ను గోపాల్‌పూర్ నుంచి తెచ్చినప్పుడు ట్రాలీ అతనితో బేరమాడాను. ఆయన చెప్పిన కిరాయి నాకు ఎక్కువనిపించింది. "ఉత్తగ వచ్చిన దివాన్‌కు ఇంత కిరాయా అన్నా?" అన్నాను. ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకుంటూ అన్న మాట ఇది. "మేడం, సామాను పుణ్యానికొచ్చిందో పైసలకొచ్చిందో నా నడుముకు తెల్వది గద. బరువు అంతే ఉంటది."

అప్పుడు కూడా నేను కొంత తగ్గించే ఇచ్చాను. మేడమీదికి ఎక్కించేటప్పుడు ఆయనతో పాటు వచ్చిన అబ్బాయి వేలు రెయిలింగుకు, దివాన్‌కు మధ్య నలిగింది. నీళ్లు పోసి గుడ్డ కట్టాను. ముందు మాట్లాడుకున్న దాంట్లో మేడమీదికి ఎక్కించే మాటే లేదని, ఎక్కించినందుకు విడిగా ఏమీ ఇవ్వలేదని వాళ్లు వెళ్లాక తట్టింది. అడగలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అడగకపోవడం వాళ్ల మంచితనం, ఇవ్వకపోవడం నా లోభం. ఈ రెంటినీ ఒకదాంతో ఒకటి చెల్లు వేయకూడదు.

వస్తువుకు డబ్బులు కట్టం కాబట్టి, దాని చుట్టూ ఉన్న ప్రతి ఖర్చూ మనకు దండుగలాగా కనబడుతుంది. ఉచితం అనే మాట చేసే హాని ఇదే. నిజానికి వస్తువు ధర మిగిలింది కాబట్టి కిరాయి బేరం లేకుండా ఇవ్వగలిగిన స్థితిలో ఉంటాం. ఇప్పుడు నేను బండి మాట్లాడేటప్పుడు అన్నీ ముందే చెబుతాను. ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ వస్తువులు, అక్కడ ఎన్ని అంతస్తులు దించాలి, ఇక్కడ ఎన్ని ఎక్కించాలి, లిఫ్టు ఉందా, బండి గేటు దాకా వస్తుందా, ఎంతసేపు ఆగాలి. అన్నీ విన్నాక వాళ్లు చెప్పిన కిరాయి నా చేతిలో ఉంటే సరేనంటాను. లేకపోతే ఆ వస్తువు వద్దనుకుంటాను. దగ్గరి ఇళ్లలో ఎవరికైనా అదే దారిలో తెచ్చుకోవాల్సింది ఉందేమో కనుక్కుని, ఒకే ట్రాలీలో రెండిళ్ల సామాను తెప్పిస్తాను. అప్పుడు కిరాయి పంచుకోవచ్చు, ట్రాలీ ఆయనకూ పూర్తి బేరం దొరుకుతుంది.

మరో తప్పు, ఏది తీసుకోవాలి, ఏది తీసుకోకూడదు అన్న తెలివి లేకపోవడం. 2023 జూలై చివర్లో పడ్డ వానలు ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోరు. పక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. రాష్ట్రంలో అంతకుముందెన్నడూ నమోదు కానంత వాన అది. నగరంలో నాలాలు పొంగి నయీంనగర్ వైపు, లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక జనం తడిసిన సామానంతా రోడ్డు మీద పరిచారు. ఆ తర్వాతి వారాల్లో చాలామంది ఫర్నిచర్ వదిలించుకున్నారు. నేను ఒక కంప్యూటర్ బల్ల తెచ్చాను. పైకి బాగానే ఉంది. అది నొక్కిన చెక్కపొడితో చేసిన పలక. నీళ్లు తాగి ఉబ్బి, ఆరినట్టు కనబడి, కొన్నాళ్లకు అంచులు పొరలు పొరలుగా రాలిపోయింది. టేకు, మద్ది లాంటి నిజమైన కర్ర అయితే తడిసినా నీడన ఆరబెడితే నిలబడేది. తెచ్చుకున్న దాన్ని పారేయడానికి మళ్లీ బండి కావాల్సి వచ్చింది. ఇంకొకరి ఇంట్లోని చెత్తను నా కిరాయితో నా ఇంటికి తెచ్చి, నా ఇంటినుంచి మున్సిపాలిటీ బండి మీదికి వేశాను.

పరుపుతో వచ్చిన బాధ ఇంకా పెద్దది. హాస్టల్ గదినుంచి తెచ్చిన పరుపులో నల్లులు ఉన్నాయి. పగలు చూస్తే ఏమీ లేదు. నల్లులు కుట్ల మడతల్లో, మంచం కీళ్లలో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రిపూట బయటికొస్తాయి. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి. నిర్లక్ష్యం నాది, దురద మాత్రం మా పిల్లవాడికి, కింది పోర్షన్ వాళ్లకి కూడా. మా అమ్మ ఊరినుంచి వచ్చి మంచం కీళ్లు విడదీయించి, కాగే నీళ్లు పోయించింది, బట్టలన్నీ ఉడకబెట్టించింది, మే ఎండలో మేడమీద రోజుల తరబడి పరిపించింది. పాతకాలంలో నులకమంచాలకు చేసిన వైద్యమే అది, పనిచేస్తుంది. యాభై డిగ్రీలు దాటిన వేడిని నల్లులు తట్టుకోలేవు. అయినా పరుపును మాత్రం వదిలించుకోక తప్పలేదు.

ఈ దెబ్బల తర్వాత నేను పాటించే పద్ధతి ఇది. పరుపు, దిండు ఎవరిచ్చినా తీసుకోను. మంచాన్ని ఎండలో తిరగేసి, కీళ్లలో నల్లటి చుక్కలు ఉన్నాయేమో చూస్తాను. చెక్క సామాను కాళ్ల అడుగున వేలితో గీరినప్పుడు మెత్తగా పొడి రాలితే పురుగు తొలిచినట్టు. కుక్కర్ తీసుకుంటే గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ కొత్తవి వేయిస్తాను. గ్యాస్ పొయ్యి పాత ట్యూబుతో వాడను. ఫ్రిజ్ నిలబెట్టే తెప్పిస్తాను. తప్పనిసరై పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది కాబట్టి, ఇంటికొచ్చాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి ఆ తర్వాతే స్విచ్ వేయాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇనుప కూలర్‌కు. మన ఎండలకు కూలర్ లేని ఇల్లు లేదు, కాబట్టి పాత కూలర్లు ఎక్కువగా చేతులు మారతాయి. నీళ్లు, ఇనుప డబ్బా, పాత వైరు కలిసిన వస్తువు అది. షాక్ కొట్టి ప్రాణాలు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉంటాం. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, ఎర్త్ వైరు కూలర్ బాడీకి బిగించి ఉండాలి, ఇంటి ప్లగ్‌పాయింట్‌లో ఎర్త్ పనిచేస్తుండాలి. ఎలక్ట్రీషియన్‌కు చూపించి కొత్త వైరు వేయించాకే వాడాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి. ఉచితంగా వచ్చిన కూలర్‌కు ఈ ఖర్చు ఎందుకని ఆగితే, ఆ లోభానికి మూల్యం ఇంట్లో మనిషి.

ఇక చెప్పాల్సిన తప్పుల్లో చివరిది, నన్ను బాగా మార్చింది, ఒక మంచం సంగతి.

నక్కలగుట్టలో మా కాలేజీ మేడమ్ ఒకరి బంధువుల ఇల్లు. వాళ్లు కొత్త మంచాలు చేయించుకుని, పాత టేకు మంచం ఎవరికైనా ఇద్దామనుకుంటున్నారని తెలిసింది. కబురు నాకు సాయంత్రం అందింది. పొద్దున్నే ట్రాలీతో వెళ్లి తెచ్చేసుకున్నాను. ఆలస్యం చేస్తే వేరేవాళ్లు తీసుకుపోతారని అంత తొందర. కొన్ని వారాల తర్వాత వాళ్లే ఇస్తామన్న గిన్నెల స్టాండు కోసం మళ్లీ వెళ్లాను. ఇంటావిడ లోపల ఫోన్‌లో ఉన్నారు. వెనక వాకిట్లో పనిమనిషి అంట్లు తోముతోంది. నాకన్నా వయసులో పెద్దది. నన్ను గుర్తుపట్టి, కోపం లేకుండానే అన్నది.

"మంచం మంచిగున్నదా మేడం?"

బాగుందక్కా అన్నాను.

"అది నాకిస్తనని అమ్మ పోయిన ఉగాదికే అన్నది. మా అత్తకు కింద పండుకుంటె లేవస్తలేదు. ట్రాలీకి పైసలు జమ చేస్కుందామని ఆగిన. మీరు బండి తెచ్చుకున్నరు."

ఆ ఇంటావిడ మరచిపోయారు. అంతకన్నా ఎక్కువ తప్పు ఆమెది కాదు. తప్పు నాది. ఆ మంచాన్ని ఇన్నేళ్లూ రోజూ తుడిచిన మనిషి ఆ వాకిట్లోనే ఉంది. ఇంకెవరైనా అడిగారా అన్న ఒక్క మాట నేను అనలేదు. మన ఊళ్లలో ఇంట్లో మిగిలిన వస్తువు మొదట ఎవరికి పోతుందో నాకు తెలియనిది కాదు. ఇంట్లో పనిచేసేవాళ్లకు, వాచ్‌మన్ కుటుంబానికి, ఇస్త్రీ బండి ఆయనకు, పాత సామాన్లు కొనే ఆయనకు. ఎవరూ రాయని వరస అది, కానీ ఎన్నో ఇళ్లు దాని మీదే గడుస్తున్నాయి. చదువుకుని, ఫోన్‌లో కబుర్లు ముందుగా అందే నేను ఆ వరసలో మధ్యలో దూరి ముందుకు వెళ్లిపోయాను. ఆమెకూ బండి లేదు, నాకూ బండి లేదు. ట్రాలీ కిరాయి ఆ పొద్దునకే నా దగ్గర ఉంది, ఆమె దగ్గర లేదు. మా ఇద్దరి మధ్య తేడా అంతే.

ఇంటావిడతో మాట్లాడి, ఆ ఆదివారం మంచాన్ని మళ్లీ విడదీసి, ట్రాలీలో హంటర్ రోడ్డు అవతల ఆమె ఉండే ఇంటికి చేర్చాం. కిరాయి నేనే ఇస్తున్నాను అనబోతే ఆమె ఆపింది. "నా మంచానికి నేనియ్యొద్దా?" అని సగం డబ్బులు ట్రాలీ ఆయన చేతిలో పెట్టింది. నేను దానం చేయడానికి వచ్చినట్టు నిలబడి ఉన్నానని ఆ మాటతో తెలిసింది. ఆమెకు రావాల్సింది ఆమెకు చేరింది. అందులో నేను ఇచ్చిందేమీ లేదు. ఆ సగం తీసుకోవద్దని ట్రాలీ ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో తప్పు అయ్యేది.

అప్పటినుంచి ఎవరైనా ఏదైనా ఇస్తామంటే కొలతలకన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ఇంట్లో పనిచేసేవాళ్లు ఎవరన్నా అడిగారా? ఒకసారి కనుక్కోండి, నేను ఆగుతాను." చాలాసార్లు జవాబు "అవునండీ, మరిచేపోయాం" అనే వస్తుంది. అప్పుడు ఆ వస్తువు నాది కాదు. ఆమె ఉండే చోటికి ఎలా చేర్చాలో తెలియక ఆగిందేమో కూడా అడుగుతాను. నాకు తెలిసిన ట్రాలీవాళ్ల నంబర్లు ఇస్తాను, మా సామాను అటు వైపుంటే కలిపి తెప్పిస్తాను.

మరో రెండు అలవాట్లు చేసుకున్నాను. వస్తామన్న రోజు వెళ్లడం మొదటిది. "రేపొస్తాం" అంటూ వాయిదా వేస్తే, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల వరండాలో మన వస్తువు వాళ్ల నెత్తిమీద కూర్చుంటుంది. రాలేకపోతే ఆ మాట ముందే చెప్పి వదిలేసుకోవాలి. ఇంట్లోకి ఒకటి వస్తే, వాడనిది ఒకటి బయటికి పంపడం రెండోది. ఉచితమని తెచ్చుకున్నవి సజ్జమీద పేరుకుపోతే, అవి అవసరమున్నవాళ్ల ఇంట్లో ఉండాల్సిన వస్తువులు. మన దగ్గర బందీగా ఉన్నట్టే.

ఇలా సామాన్లు చేతులు మారడం మన ఊళ్లోనే కాదు. మా పిన్ని కొడుకు బోస్టన్‌లో చదువుకున్నాడు. అక్కడ ఆల్‌స్టన్ అనే పేటలో సెప్టెంబర్ 1న చాలా ఇళ్ల లీజులు ఒకేరోజు మారతాయట. రోడ్డు పక్కన బల్లలు, సోఫాలు గుట్టలుగా పెడతారు, కొత్తగా వచ్చిన మన తెలుగు పిల్లలు నలుగురు కలిసి భుజాల మీద మోసుకుంటూ గదులకు తెచ్చుకుంటారు. వాళ్లు కూడా పరుపుల దగ్గర నల్లుల భయంతోనే ఉంటారు. అదే అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో 2003లో ఫ్రీసైకిల్ మొదలైంది. పారేసేదాన్ని డబ్బు తీసుకోకుండా అవసరమున్నవాళ్లకివ్వాలన్నది దాని ముఖ్య నియమం. మన దేశంలో 2023 మే నెలలో పట్టణాల్లో వాడిన వస్తువులు తీసుకునే కేంద్రాలు తెరిచారు. పర్యావరణ దినోత్సవం దాకా ప్రచారం చేశారు. పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు, ప్లాస్టిక్ అక్కడ తీసుకున్నారు. మంచి పని. ఆ జాబితా చూస్తే ఒకటి కనబడుతుంది. అన్నీ చేత్తో పట్టుకుపోగలిగినవే. మంచం, బీరువా, బల్ల, కూలర్ అందులో లేవు. కొత్త సంసారానికి ఎక్కువ ఖరీదయ్యేవి అవే, బండి లేకుండా కదలనివి కూడా అవే.

కాబట్టి వస్తువులు ఇచ్చేవాళ్లకు, బండ్లున్నవాళ్లకు నా మనవి ఒకటుంది. ఇస్తామని చెప్పేటప్పుడు కొలతలు, అంతస్తు, చివరి తేదీ కూడా చెప్పండి. మీ ఇంట్లో పనిచేసేవాళ్లను ముందు అడగండి. మీకు వ్యానో, ట్రాలీయో ఉంటే, వస్తువుతో పాటు ఒక అరగంట బండి కూడా ఇవ్వండి. లేకపోతే ట్రాలీ కిరాయిలో కొంత మీరు పెట్టుకోండి. మంచం ఇవ్వడం కన్నా మంచాన్ని చేర్చడం చాలాసార్లు పెద్ద సాయం.

కాలనీలకు కూడా ఇది అందని పని కాదు. 2012 అక్టోబర్‌లో ఈ నగరమే తడిచెత్త, పొడిచెత్త ఇంటింటా వేరుచేసి, పోటీ పెట్టుకుని మరీ చేసి చూపించింది. మే ఆఖరు ఆదివారం ప్రతి కాలనీ సంఘం ఒక ట్రాలీని రోజంతా మాట్లాడుకుంటే, కిరాయిని చందాగా ఇళ్లన్నీ పంచుకుంటే, మడికొండ డంపింగ్ యార్డుకు పోయే సామాను ఎంతో కొత్త గదుల్లోకి పోతుంది. హమాలీకి పూర్తి కూలి, ట్రాలీవాళ్లకు పూర్తి కిరాయి దక్కుతాయి. బండి లేనివాళ్లు ఒకరినొకరు తోసుకుని ముందుకెళ్లాల్సిన అవసరం ఉండదు. ఈ ఏడు మా వీధిలో అడగడం మొదలుపెట్టాను. నాలుగిళ్ల వాళ్లు సరేనన్నారు. ట్రాలీ కిరాయి ఎంతో ముందే కనుక్కుని, బేరమాడకుండా, ఒక కాగితం మీద రాసి చందా అడుగుతున్నాను.